ముందు చెట్టు, తర్వాతే బల్ల

అపార్ట్‌మెంట్ బ్రోచర్లలో బార్బెక్యూ మూల, గెజిబో ఇప్పుడు మామూలైపోయాయి. అక్కడ కూర్చుని తినేవారే అరుదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్ ఎండకు గ్రానైట్ బల్ల పొద్దుగూకినా సెగలు కక్కుతుంది. న్యూయార్క్ కూడళ్లను కెమెరాలతో గమనించిన విలియం వైట్ 1980 నాటి పుస్తకంలో తేల్చింది సులువైన సంగతే: కూర్చునే వీలు, జరుపుకోగల కుర్చీలు, తిండి, నలుగురూ నడిచే దారి ఉన్నచోటికే జనం చేరతారు. కార్తీక వనభోజనాలకు వెళ్లేవారికి ఇది కొత్తేమీ కాదు. ఉసిరి చెట్టు నీడ, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, పరుచుకోవడానికి చాప ఉంటే చాలు. కాబట్టి బిల్డరు ముందు చెట్లు నాటాలి, కుళాయి పెట్టాలి. బల్లల సంగతి తర్వాత.

అలా జనం చేరితే గోల పెరుగుతుందన్న భయం సబబే. రాత్రి 10 దాటాక నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. పడకగదుల కిటికీలకు దూరంగా చోటు ఎంచుకుంటే చాలా తగాదాలు తప్పుతాయి. శాకాహార, మాంసాహార పేచీ అంత తేలిగ్గా తీరదు. అయినా బల్లలు విడదీయడం కన్నా గాలివాటు చూసి పొయ్యిని పక్కకు జరపడం మేలు. వాచ్‌మన్, ఇంటిపనివారు కూడా అక్కడే క్యారేజీ విప్పుకోవచ్చని అపార్ట్‌మెంట్ సంఘం నియమావళిలో రాసి పెట్టాలి. వాళ్లలో చాలామంది ఇప్పటికీ సెల్లార్‌లో, మెట్ల కింద తింటున్నారు.