కుండ, కుమ్మరి, నారికురుపు

కుండను జూచినవానికి కుమ్మరి యొకడు కలడని తోచును. జగత్తును జూచినవానికి జగత్కర్త కలడని యేల తోచరాదు? ఈ ప్రశ్న మన యుపన్యాసవేదికలపై నేటికిని వినబడుచునే యున్నది. వక్త యొక తామరపూవును చేతబట్టి, దాని రేకుల పొందికను వర్ణించి, “ఇది తనంతట తాను పుట్టునా?” యని యడుగును. సభవారు చప్పట్లు కొట్టుదురు. ప్రశ్న వేసినంతనే యుత్తరము దొరకినట్లెంచి యందఱును ఇండ్లకు బోవుదురు. ఈశ్వరుడు కలడా, లేడా యనుదానిని తేల్చుటకై నేనీ వ్యాసమును వ్రాయుట లేదు. ఈ వాదము నిలుచునా, దీనిని నమ్ముటవలన మనకు గలుగు కీడేమి యనునదియే నా విచారణ.

వాదము క్రొత్తది కాదు. ప్రాచీన నైయాయికులలో నగ్రగణ్యుడగు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలియందు, కార్యమైనదానికెల్ల కర్త యుండవలెననియు, భూమ్యాదులు కార్యములు గావున వానికిని కర్త కలడనియు సాధింప జూచెను. ఇంగ్లండునందు విలియం పేలీ యను మతాచార్యుడు 1802వ సంవత్సరమున, బయలున దొరకిన గడియారమును జూచి దానిని జేసినవానిని ఊహించునట్లే, కంటి నిర్మాణమును జూచి దాని నిర్మాతను ఊహింపవలెనని వ్రాసెను. వస్తువు పుట్టినదనుట మొదటివానికాధారము; అది యమర్పబడినదనుట రెండవవానికాధారము. ఇరువురి వాదమునకును ఉపమానమే ప్రాణము. ఆ యుపమానమునే పరీక్షింతము.

కుండకు కుమ్మరి కలడని మనకెట్లు తెలిసినది? సారె తిరుగుటను, మన్ను కుండ యగుటను పలుమాఱులు చూచినందున తెలిసినది. జగత్తులు పుట్టుటను మనలో నెవరు చూచిరి? మన యెఱుకలో నున్నది యొక్క జగత్తు. అదియు మనము పుట్టుసరికే యున్నది. డేవిడ్ హ్యూము మరణించిన పిమ్మట 1779లో వెలువడిన సంవాదములలోని యాక్షేపణలలో నిదియొకటి. పోనిండు, ఉపమానము చెల్లుననియే యనుకొందము. కుమ్మరికి శరీరము కలదు. అతనికి మన్ను, నీరు, సారె కావలెను. అతడు తండ్రివద్ద పని నేర్చినవాడు. కుండ మిగిలియుండగనే తాను చనిపోవచ్చును. మీకు వలసినచోట చెల్లిన యుపమానము, వలదన్నచోట చెల్లకపోవునా?

ఇది పడమటివారి నాస్తిక్యమని త్రోసివేయుటకు వీలులేదు. వేదప్రామాణ్యమును నిలిపిన కుమారిలభట్టు, శరీరము లేనివానికి సృష్టింపగోరిక యెట్లు కలిగెననియు, దయచే సృష్టించినచో దుఃఖమునేల సృష్టించెననియు శ్లోకవార్తికమున ప్రశ్నించెను. పరమభక్తుడగు రామానుజాచార్యుడు శ్రీభాష్యమునందు, ఈశ్వరుడు శాస్త్రముచేతనే తెలియదగినవాడు గాని యనుమానముచేత సిద్ధింపడని చెప్పి, యీ వాదమును ఖండించెను. అంతటి భక్తుడు వలదన్న యూతకఱ్ఱను మనమేల మోయవలెను?

“కన్నువంటి యద్భుతయంత్రము కాకతాళీయముగ పుట్టునా?” యందురు. అట్లు పుట్టెనని డార్విను చెప్పలేదు. 1859లో నతడు చూపినది వేఱు. ప్రాణుల సంతతిలో చిన్న చిన్న భేదములు పుట్టుచుండును. వానిలో బ్రతుకుటకు తోడ్పడునవి తరతరములకు నిలుచును, తక్కినవి నశించును. భేదము పుట్టుట యాదృచ్ఛికమే కాని, నిలుచుట యాదృచ్ఛికము కాదు. వానలు వెనుకబట్టిన యేట, తక్కువ నీటితో బ్రతుకగల మొక్కయే గింజను మిగుల్చును. దానిని ఏరినది కఱవు. కఱవునకు బుద్ధి లేదు, సంకల్పము లేదు. వెలుతురును మాత్రమే పసికట్టు చర్మపుమచ్చ చేపకన్నువంటి కన్నుగా మాఱుటకు నాలుగు లక్షల తరములకంటె తక్కువయే చాలునని 1994లో నిల్సన్, పెల్గెర్ అను స్వీడను శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన కన్నే తన చరిత్రను తాను చెప్పుచున్నది. వెలుతురును గ్రహించు కణములకు ముందువైపున నరపుపోగులు పఱచుకొనియున్నవి. అవి వెలుపలికి బోవుచోట చూపులేని చుక్క యేర్పడినది. సముద్రమునందలి ఆక్టోపస్ కంటికి ఈ లోపము లేదు. సర్వజ్ఞుడగు శిల్పి మనుష్యునకు లోపమునుంచి, దానికి దిద్దిపెట్టెనా?

మనవారు భ్రమరకీటన్యాయమని యొకటి చెప్పుదురు. తుమ్మెద పురుగును తెచ్చి గూటిలో బెట్టి ఝుమ్మని చుట్టు తిరుగగా, ఆ పురుగు దానినే ధ్యానించి తుమ్మెదయగునట! వేదాంతులకిది యింపైన దృష్టాంతము. మట్టిగూటిని విప్పి చూచినవారికి కనబడునదేమి? కందిరీగజాతిదగు ప్రాణి గొంగళిపురుగును కుట్టి, చంపక, కదలలేకుండ జేసి, గూటిలో నుంచి గ్రుడ్డు పెట్టును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల యా పురుగును ప్రాణముండగనే తినును. తుదకు ఱెక్కలతో వెలికివచ్చునది ధ్యానించిన పురుగు కాదు, దానిని తినిన పిల్ల. సిద్ధాంతమును ముందుగనే కంటికి గట్టుకొన్నవాడు క్రూరత్వమును గూడ భక్తిగా చదువును.

ఇక తామర పూచిన నీటిలోనికే దిగుదము. నారికురుపు మన తాతలెఱిగిన రోగము. నీటిలోని నలుసంత ప్రాణి దేహమున నారిపురుగు పిల్ల దాగియుండును. ఆ నీటిని త్రాగినవాని యొడలిలో నది యించుమించు ఏడాది పెరిగి, మూరెడుకు మించిన పొడవై, కాలిచర్మమును పొక్కించి తలచూపును. మంటకోర్వలేక రోగి కాలిని నీట ముంచును. ముంచినంతనే పురుగు లెక్కలేనన్ని పిల్లలను ఆ నీటిలో విడుచును. ఎంత పొందిక! ఎంత ముందుచూపు! తామరరేకులను పొగడిన వక్త దీనినేల సభకు దేడు?

“భగవత్సంకల్పము మనకు తెలియరానిది” యందురు. తెలియరానిదైనచో తామరపూవునందు మాత్రమెట్లు తెలిసినది? “పూర్వకర్మఫలము” అందురు. అట్లన్నచో ఋజువు చేయవలసినదానిని ముందుగనే యొప్పుకొనుడనుట యగును. పొలమున పనిచేసి దాహమునకు దిగుడుబావి నీరు త్రాగిన కూలిబిడ్డను నేరస్థునిగ నిలుపుటయు నగును. ఉన్నదెల్ల ఉద్దేశింపబడినదే యను మాట యింతటితో నాగదు. అంటరానితనమును గూడ ఈశ్వరనియమమని యీ నోటితోనే కదా సమర్థించిరి! 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగమునందలి 17వ యధికరణము దానిని రద్దుచేసినప్పుడు, సూర్యుడుదయించుట మానలేదు.

నారికురుపెట్లు పోయినది? దిగుడుబావులకు మాఱుగ మంచినీటి వసతి కల్పించి, నీటిని గుడ్డతో వడకట్టుట నేర్పి, రోగిని నీట దిగనీయక మనుష్యులు దానిని పోగొట్టిరి. 1996 తరువాత మన దేశమున నీ రోగము కనబడలేదు. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ యీ దేశము దానినుండి విముక్తమైనదని ధ్రువపఱచెను. దానికి టీకా లేదు. వడకట్టు గుడ్డముక్కయే ప్రధానాయుధము. ఆ పని చేసినవారు ఆస్తికులో నాస్తికులో నేనెఱుగను. కాని యా పురుగు పొందికను మాత్రము వారు పూజింపలేదు.

ఇటీవల కొందఱు ప్రాణులను విడిచి, ప్రకృతిబలముల పరిమాణములను పట్టుకొనిరి. అవి యించుక మాఱినను జీవము పుట్టదనియు, గావున వానినెవరో శ్రుతి చేసిరనియు వీరి వాదము. వీణతంతి వదులుగను బిగువుగను ఉండుట చూచితిమి గావున దానిని శ్రుతి చేయుదురని యెఱుగుదుము. ఆ పరిమాణములు వేఱుగ నుండగలవని యెవరు చూచిరి? పాత కుమ్మరియే క్రొత్త వేషమున వచ్చెను.

చదువరులారా! భక్తి గలవారు భక్తిని విడువనక్కఱలేదు. దానికి పూవును సాక్ష్యముగ బిలువకుడు. బిలిచితిరేని, ఆ వెనుకనే నారిపురుగును సాక్ష్యమునకు వచ్చును. తామరను జూచి యానందింపుడు. ఆ నీటిని త్రాగుటకు ముందు మాత్రము వడకట్టుడు.