కళ్ళు మూసుకోమంటున్నది ఎవరిని?

ఈ మధ్య ఒక చిత్రకళా కళాశాలలో జరిగిన వర్క్‌షాపుకి వెళ్ళాను. సాహిత్యానికీ చిత్రకళకీ ఉన్న సంబంధం గురించి మాట్లాడమని పిలిచారు. నా వంతు మధ్యాహ్నం. ఉదయమంతా "మైండ్‌ఫుల్‌నెస్ ద్వారా కళాబోధన". శిక్షకుడు మృదువుగా మాట్లాడే మనిషి. పిల్లలందరినీ నేల మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. శ్వాసని గమనించమన్నాడు. తలా ఒక కిస్మిస్ ఇచ్చి వేళ్ళతో తడమమన్నాడు, వాసన చూడమన్నాడు, నాలుక మీద పెట్టుకుని నమలకుండా ఆగమన్నాడు. ఆ తర్వాత తడి మట్టి ముద్దలు చేతుల్లో పెట్టి, "గతాన్ని వదిలేయండి, ఈ క్షణంలో ఉండండి" అన్నాడు.

ఒకమ్మాయి మాత్రం కళ్ళు మూసుకోలేదు. రెండుసార్లు చెప్పి చూశాడు. మూడోసారి, "నువ్వు దేన్నీ వదలడం లేదమ్మా, అందుకే నీ గీత కూడా బిగుసుకుపోయి ఉంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. "నలుగురిలో నేను కళ్ళు మూసుకోను మేడమ్. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సు. ఎంత నిద్రొచ్చినా మూసుకోను. వెనకెవడు నిలబడ్డాడో చూసుకోవాలిగా" అంది. చిన్నప్పటి వాసన ఒకటి గుర్తు చేసుకుని రాయమన్న కాగితం కూడా ఖాళీగానే ఇచ్చేసిందట. మిగతావాళ్ళు మల్లెపూలు, కాఫీ, తొలకరి మట్టి అని రాశారు. "మా అమ్మ ఆస్పత్రిలో ఊడుస్తుంది. అమ్మ దగ్గర పడుకుంటే ఫినాయిల్ వాసన. అది రాస్తే ఏమనుకుంటారో అని రాయలేదు."

ఎరుక నేర్పడానికి వచ్చిన మనిషికి, ఆ గదిలో అందరికంటే ఎక్కువ ఎరుకతో ఉన్నది ఆ అమ్మాయేనని తెలియలేదు. నా పేచీ అక్కడ.

కళ నేర్పేటప్పుడు ఇంద్రియాలని మేల్కొల్పడం తప్పని నేననను. బ్లాక్‌బోర్డు మీది బొమ్మని కాపీ కొట్టించి మార్కులేసే చదువులో, ఒక ఆకుని పది నిమిషాలు చూడమని చెప్పే టీచరు దొరకడం అదృష్టమే. కానీ ఆ చూపుకి ముందు షరతుగా "గతాన్ని వదిలేయండి" అనడం దగ్గరే నాకు అనుమానం.

అసలు ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది? మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లీషు చేసిన పాళీ మాట "సతి". మనకి సతి అనగానే ఇంకేదో గుర్తొస్తుంది గానీ, ఇది సంస్కృతంలో "స్మృతి". అంటే జ్ఞాపకం. జాన్ కబట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, దీర్ఘకాలం నొప్పితో బాధపడే రోగుల కోసం దీన్నొక శిక్షణగా మలిచాడు. ఈ క్షణం మీద, తీర్పు చెప్పకుండా, ధ్యాస నిలపడం అని దానికి నిర్వచనం. నొప్పితో బతికే మనిషికి అది ఊరటే కావచ్చు. ఆస్పత్రిలోంచి కంపెనీల్లోకి, క్లాసు గదుల్లోకి వచ్చేసరికి మాత్రం జ్ఞాపకం అనే అర్థం దారిలో జారిపోయింది. "తీర్పు వద్దు" అన్న షరతు మిగిలింది. వంటింటిని, పడకగదిని, ఆఫీసుని చూసి "ఇది అన్యాయం" అని తీర్పు చెప్పడం నేర్చుకోవడానికి మన ముందు తరం స్త్రీలకి ఒక జీవితకాలం పట్టింది. దాన్ని శ్వాసతోపాటు వదిలేయాలా?

ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2018లో మొదలుపెట్టిన హ్యాపీనెస్ పాఠ్యక్రమంలో కూడా మైండ్‌ఫుల్‌నెస్ ఉండేది. బ్రిటన్‌లో 80కి పైగా పాఠశాలల్లో, 8,000 మందికి పైగా పిల్లలతో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా చెప్పే సామాజిక, భావోద్వేగ పాఠాల కంటే ఇది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని మెరుగుపరచలేదని తేలింది. మందులా అమ్ముతున్నవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలి.

కళాబోధనలో ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ కళాపాఠశాల మొదలైంది. అక్కడ ప్రాథమిక కోర్సు నడిపిన యోహానెస్ ఇట్టెన్ పాఠానికి ముందు శ్వాస వ్యాయామాలు చేయించేవాడు. రకరకాల పదార్థాలని వరసగా పెట్టి, కళ్ళు మూసుకుని వేలికొసలతో తడమమనేవాడు. ఆయన అనుసరించిన మజ్దజ్నాన్ అనే మత శాఖలో ఉపవాసాలూ ప్రాణాయామంతో పాటు ఆర్య జాతి గొప్పదన్న నమ్మకమూ ఉంది. శ్వాస ఎంత లోతుగా పీల్చినా ఆ నమ్మకం కరగలేదు.

ఇంక స్త్రీల సంగతి. పాఠశాల స్థాపకుడు వాల్టర్ గ్రోపియస్ మొదట్లో ఆడా మగా తేడా ఉండదన్నాడు. పెద్ద సంఖ్యలో స్త్రీలు చేరేసరికి 1920 నుంచే వాళ్ళ ప్రవేశాలని తగ్గించే ఆలోచన, చేరినవాళ్ళని నేత విభాగంలోకి పంపే ఏర్పాటు మొదలయ్యాయి. 1922లో చేరిన ఆనీ ఆల్బర్స్ గాజు పని నేర్చుకుందామనుకుంది. చివరికి మగ్గం దగ్గర తేలింది. అదేమీ ఆమె ఇష్టపడి ఎంచుకున్నది కాదు. స్పర్శ పాఠం అందరికీ ఒకటే. పాఠం అయ్యాక మాత్రం ఎవరి వేళ్ళు లోహాన్ని తాకాలో, ఎవరి వేళ్ళు దారాన్ని తాకాలో ముందే రాసిపెట్టి ఉంది. ఆనీ ఆల్బర్స్ ఆ దారంతోనే 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో సొంత ప్రదర్శన పెట్టే స్థాయికి ఎదిగింది. అది ఆమె గెలుపు, ఆ ఏర్పాటు గొప్పతనం కాదు. అదే పాఠశాలలో శబ్దం, రంగు, కదలికలని కలిపి ఇంద్రియ సమన్వయం నేర్పిన గెర్‌ట్రూడ్ గ్రూనో అనే ఉపాధ్యాయిని ఉండేది. ఇట్టెన్ పేరు తెలిసినవాళ్ళలో ఆమె పేరు విన్నవాళ్ళెందరు?

మన దగ్గరా ఇంతే. శాంతినికేతన్ కళాభవన్‌లో ఆల్పన నేర్పిన సుకుమారీ దేవి కంటే, నందలాల్ బోస్ పేరే మనకి తెలుసు. తెలుగు వాకిళ్ళలో చుక్కలు లెక్క తప్పకుండా పెట్టి, పిండి ధార తెగకుండా మెలిక తిప్పే చేతికి ఏ ధ్యాస తక్కువ? అలాగని ముగ్గుని ఇప్పుడు "మన ప్రాచీన మైండ్‌ఫుల్‌నెస్" అని పొగడడం మొదలెడితే దానికీ నేను ఒప్పుకోను. ఒంట్లో బాగున్నా లేకపోయినా తెల్లారకముందే నడుం వంచాల్సిన చాకిరీ అది. ఆ నడుం నొప్పిని కలుపుకుని చూడాలి ముగ్గుని.

స్పర్శ గురించి ఈ దేశంలో కులం ఊసెత్తకుండా ఎలా మాట్లాడతాం? గోపాల్ గురు, సుందర్ సరుక్కై 2012లో "ది క్రాక్డ్ మిర్రర్" పుస్తకంలో అంటరానితనాన్ని అనుభవం వైపు నుంచి, స్పర్శ వైపు నుంచి చర్చించారు. తాకడమే నేరమైన చోట మట్టి, తోలు, ఫినాయిల్ ఉత్త పదార్థాలు కావు. "తీర్పు లేకుండా వాసన చూడండి" అని మనం సులువుగా అంటాం. కానీ ఆ వాసన మీద లోకం ఎప్పుడో తీర్పు చెప్పేసింది. అది తెలుసు కాబట్టే ఆ అమ్మాయి కాగితం ఖాళీగా ఉంచింది.

"ప్రతిదానికీ రాజకీయాలేనా, పిల్లల్ని కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వరా" అని ఆ రోజు ఒక సహాధ్యాపకురాలు నన్నడిగింది. ఉండనిద్దాం. కానీ జ్ఞాపకాన్ని గుమ్మం బయట విడిచి వస్తేనే దొరికే ప్రశాంతత, విడవడానికి పెద్దగా ఏమీ లేనివాళ్ళకే దొరుకుతుంది. మిగతావాళ్ళకి దొరికేది "నీ గీత బిగుసుకుపోయింది" అన్న మాట.

కళ నేర్పే స్నేహితురాళ్ళని నేనడిగేది పెద్ద విషయమేం కాదు. కళ్ళు మూసుకోమని ఆజ్ఞాపించకండి, తెరుచుకుని కూడా గమనించొచ్చని చెప్పండి. "అన్నీ మర్చిపోండి" అని కాకుండా "మీ చేతికి ఇప్పటికే ఏం తెలుసు, ఎవరు నేర్పారు?" అన్న ప్రశ్నతో పాఠం మొదలుపెట్టండి. మల్లెపూలు రాసిన కాగితం పక్కన ఫినాయిల్ రాసిన కాగితం కూడా గోడకెక్కే క్లాసు అయితేనే ఇంద్రియాలు మేల్కొన్నట్టు. అంతవరకూ ఆ అమ్మాయి కళ్ళు తెరుచుకునే ఉండనివ్వండి. మన క్లాసు ఎలా ఉందో చూసి చెప్పడానికి ఒక్కరన్నా కావాలి కదా.