గేమ్స్ కోసం విండోస్ మారిస్తే చాలా?

‘నాన్నా... విండోస్ 11 వేయిస్తే గేమ్స్ దూసుకెళ్తాయట!’ పిల్లలు ఇలా అడిగితే వెంటనే పర్సు తీయకండి. అది సగమే నిజం!

2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11లో ఆటలకు రెండు ముఖ్యమైన హంగులున్నాయి. మొదటిది ‘ఆటో హెచ్‌డీఆర్’. మామూలుగా తయారైన చాలా ఆటల్లోనూ రంగుల్ని, వెలుగునీడల్ని మరింత కాంతిమంతంగా చూపిస్తుంది. కానీ మానిటర్‌కీ హెచ్‌డీఆర్ సదుపాయం ఉండాలి.

రెండోది ‘డైరెక్ట్‌స్టోరేజ్’. ఆటకు కావాల్సిన సమాచారాన్ని, ప్రాసెసర్ మీద భారం తగ్గించి, గ్రాఫిక్స్ కార్డుకు చకచకా చేరవేస్తుంది. ‘లోడింగ్’ అంటూ ఎదురుచూడటం తగ్గుతుంది. అయితే పూర్తి ఫలితం దక్కాలంటే ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కావాలి. గేమ్‌నీ అందుకు తగ్గట్టే రూపొందించి ఉండాలి. అలాంటి తొలి పీసీ గేమ్ ‘ఫోర్‌స్పోకెన్’ వచ్చింది 2023 జనవరిలోనే!

అంటే పాత హార్డ్‌డిస్కు, మామూలు మానిటర్ ఉన్న కంప్యూటర్లో విండోస్ ఒక్కటే మారిస్తే ఆటలో పెద్ద తేడా కనిపించదు.

అలాగని మార్చడం దండగేం కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంట్లో బ్యాంకు పనులూ అదే కంప్యూటర్లో చేస్తుంటే భద్రత కోసమైనా మారాల్సిందే. ముందు ‘పీసీ హెల్త్ చెక్’ వేసి చూడండి. మీ కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో ఉచితంగానే చెప్పేస్తుంది. పర్సు సంగతి ఆ తర్వాత!