తరంగముల పంపకము

మన అనంతపురము జిల్లాలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత చెఱువునీటిని పంచుటకు మన పూర్వులు నీరుగంటిని నియమించిరి. ఏ మడికి ఏ వేళ నీరు పాఱవలెనో ఆతడే నిర్ణయించెడివాడు. ఎవరికి వారు తూము లెత్తుకొనినచో, చెఱువు నిండియున్నను ఆయకట్టు చివరనున్న మడి యెండును.

రేడియో తరంగముల విషయమును ఇట్టిదే యని నా యభిప్రాయము. అయితే ఒక భేదము కలదు. నీరు వాడినకొలది తఱుగును, తరంగములు తఱుగవు. ఒకరు విడిచిన క్షణముననే అవి మఱియొకరికి లభించును. కావున ఇచ్చట కొఱత వస్తువునకు గాదు, ఏర్పాటునకు.

అనంతపురము ఆకాశవాణి 101.7 మెగాహెర్ట్జులమీదను, బెంగుళూరు రెయిన్‌బో కేంద్రము 101.3 మీదను ప్రసారము చేయుచున్నవి. సంఖ్యలు మిక్కిలి సమీపములు; ఊళ్లు మాత్రము సుమారు 200 కిలోమీటర్ల యెడమున నున్నవి. ఆ దూరమే వానికి గట్టు. దూరము చాలినంత యున్నచో ఒకే సంఖ్యను రెండూళ్లకును ఈయవచ్చును. పటములో ఇరుగుపొరుగు దేశములకు వేఱు రంగులు వేసి, దూరదేశములకు మరల అవే రంగులు వేయుదుము గదా! కొద్ది ఛానళ్లతో పెక్కూళ్లకు సరిపెట్టు విద్యయు అట్టిదే.

ఇక మన యిండ్లలోని వైఫైని చూడుడు. 2.4 గిగాహెర్ట్జుల పట్టీని లైసెన్సు లేకయే వాడుకొనుటకు ప్రభుత్వము 2005లో అనుమతించినది. అందు ఛానళ్లు 13. వాని నడుమ యెడము 5 మెగాహెర్ట్జులే. ఒక్కొక్క రూటరునకు సుమారు 20 మెగాహెర్ట్జుల వెడల్పు కావలెను. అందువలన ఒండొంటికి తగులకుండ సాధారణముగా ఎన్నుకొనునవి 1, 6, 11 అను మూడే.

ఇచ్చట నీరుగంటి లేడు. ఒకే ఛానలులోని రూటర్లలో ఒకటి పలుకునపుడు తక్కినవి వేచియుండవలెను. వీధివారందఱు 6వ ఛానలులోనే యున్నచో, సాయంకాలము పాఠము వినగోరు బాలునికి అది తెగి తెగి వచ్చును. అప్పుడు పలువురు మఱింత బలమైన రూటరును కొనుచున్నారు. అది తన తూమును పెద్దది చేసికొనుట వంటిది. దాని కేక మఱికొన్ని యిండ్లకు సోకి, వానినిగూడ నిలిపివేయును. పొరుగువాడును అట్లే చేసినచో లాభ మెవ్వరికిని లేదు.

యంత్రములే తగిన ఛానలును వెదకికొనునని కొందఱందురు. నిజమే, కాని ప్రతి యంత్రము తన మేలు చూచుకొనునే గాని వీధి మేలు చూడదు.

వాయుతరంగములు ప్రజల యాస్తి యని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రజల యాస్తికి ప్రజలే కాపరులు. కావున విద్యార్థులారా, మొదట మన పాఠశాల గదుల పటము గీసి, ప్రక్కప్రక్క రూటర్లకు 1, 6, 11 వంతులు వేయుడు. పిదప మీ వీధి పెద్దలతో మాటలాడి అట్లే చేయింపుడు. దీనికి పైకము అక్కఱలేదు. ఒకరి నొకరు అడుగుటయే చాలును. పంచుకొనుట ఈ కరవుసీమకు క్రొత్తవిద్య గాదు. దానిని మఱవవలదనియే నా మనవి.