కాలిని బట్టి చెప్పు

మా నాన్నగారు వదిలివెళ్ళిన ఆస్తిలో నేను ప్రాణంగా చూసుకునేది ఒక్కటే: 1968 నాటి అంబాసిడరు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అంచేత దానిమీద ముద్దు మరీ ఎక్కువైంది. ముద్దు ఎక్కువైతే బుద్ధి తక్కువవుతుందనడానికి నేనే సాక్షి.

టైర్లు అరిగిపోయాయని దుకాణానికి వెడితే, అక్కడి ఆసామీ "ఇంకా ఆ సన్నటి టైర్లేమిటండీ! వెడల్పువి వేయించండి, దర్జాగా ఉంటుంది" అన్నాడు. దర్జా అన్న తర్వాత నాకు మరో మాట వినబడలేదు. పాతవి 5.90-15, కొత్తవి 205/65 ఆర్ 15. రెండింటి చివరా 15 ఉంది కదా, ఇంకేం కావాలీ అనుకున్నాను.

ఆ ఆదివారం అమ్మనీ, మా ఆవిడనీ, పిల్లల్నీ ఎక్కించుకుని సింహాచలం బయలుదేరాను. స్టీరింగు తిప్పడానికే చెమటలు పట్టాయి. కొండమీద మలుపులో బండి వెనకభాగం ఒక్క ఊపు ఊగింది. టైరు మడ్గార్డుకి రాసుకుని బర్రుమంది. పిల్లలు కెవ్వుమన్నారు.

"ఒరే నాయనా, మీ నాన్న నడిపితే ఇలా ఊగేది కాదురా!" అంది అమ్మ.

నేను జవాబు చెప్పలేదు. నత్తనడకన ఇల్లు చేరాను.

మర్నాడు మా ముసలి మెకానిక్కు చక్రం విప్పి, టైరు ఊడదీసి, రిమ్ముకి టేపు పెట్టాడు. టైరు కూచునే చోట, ఈ అంచు లోపలినుంచి ఆ అంచు లోపలికి, నాలుగంగుళాలు!

"15 అన్నది రిమ్ము వ్యాసమండీ, అయ్యగారూ. వెడల్పు చూసుకోవద్దూ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది లెక్క. 5.90 అంటే టైరు వెడల్పు, అంగుళాలలో. 205 కూడా వెడల్పే, కాని మిల్లీమీటర్లలో. అంటే ఎనిమిదంగుళాల పైమాటే. 65 అన్నది ఆ వెడల్పులో టైరు ఎత్తు నూటికెన్ని పాళ్ళో చెబుతుంది. ఉజ్జాయింపుగా, రిమ్ము వెడల్పు టైరు వెడల్పులో నూటికి 70 పాళ్ళకు అటూ ఇటూగా ఉండాలి. 5.90కి నాలుగంగుళాలు సరిపోతాయి. నేను కొన్న 205కి కనీసం అయిదున్నర కావాలి.

ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు వేస్తే పక్కలు బూరెల్లా ఉబ్బుతాయి. నడిమిభాగమే నేలకు గట్టిగా ఆనుతుంది. మలుపులో రిమ్మొక దారి, టైరొక దారి. గాలి తగ్గితే టైరు అంచు ఊడివచ్చినా రావచ్చు. పోనీ వెడల్పు రిమ్ముకి సన్నటైరు వేద్దామా అంటే, పక్కలు బిగిసి, గతుకుల దెబ్బ రిమ్ముకే తగులుతుంది.

మళ్ళీ 5.90-15 టైర్లే తెప్పించాను. నాలుగూ ఒకే రకం. రేడియలుకి మామూలు టైరును జతచేసి ఒకే ఇరుసుకి వేయకూడదు. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు కూడా ఈసారి చూశాను: మొదటి రెండూ తయారైన వారం, తక్కిన రెండూ సంవత్సరం.

కిందటి ఆదివారం మళ్ళీ సింహాచలం వెళ్ళాం. అదే మలుపు. వెనక్కి తిరిగి చూద్దును కదా, అమ్మ హాయిగా నిద్రపోతోంది. చెప్పులు కొనేటప్పుడు ముందు కాలు కొలుస్తాం. నాలుగు కాళ్ళ బండికి ఆపాటి మర్యాద చెయ్యొద్దూ మరి!