బి.ఏ. చదివిన నేరము

మూడేండ్ల న్యాయవిద్యలో జేరగోరువాడు మొదట బి.ఏ.యో బి.కామో ముగించి రావలెను. అటుపిమ్మట మఱియొక పట్టమును బొందును. ఉపాధ్యాయుడు కాగోరువాడును బి.ఏ. పిదప బి.ఇడి. చదువును. ఈ రెండవ పట్టముకొఱకు పేదవిద్యార్థి ప్రభుత్వమును వేతనమడిగినచో, "నీకొక పట్టము ముందే యున్నది గదా, మఱల నేల?" యని యెవ్వరు నడుగరు. అడుగకుండుట న్యాయమే. ఈ పంక్తులు వ్రాయు మేమును బి.ఏ. పిదపనే నల్లకోటు తొడిగినవారము. కాని అదే బి.ఏ. చదివిన పేదపిల్ల నర్సు కాగోరినచో తలుపు మూయబడుచున్నది. ఇదెక్కడి న్యాయము?

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్కు పిమ్మటి చదువులకై వేతనము లిచ్చు పద్ధతి 1944లో బుట్టినది. పిదప తెగలవారికిని విస్తరించినది. ఎన్నో కుటుంబములలో మొట్టమొదటి పట్టభద్రుని జూపిన పుణ్యము దానిది. దానిని నిందించుట మా యభిమతము గాదు. కాని దాని నియమావళిలో దశాబ్దములుగా నిలిచియున్న వాక్య మొకటి కలదు. ఒక మెట్టు చదువు ముగించి, ఆ మెట్టుననే వేఱొక విషయమును చదువువారు వేతనమునకు అనర్హులట. నిదర్శనములను గూడ నియమకర్తలే చూపిరి: ఐ.ఏ. పిదప ఐ.యస్సి., బి.ఏ. పిదప బి.కాం. ఐ.ఏ. యను పరీక్షపేరును మన ప్రాంతపు నేటి విద్యార్థి యెఱుగడు. ఆ పేరు చచ్చినను నియమము బ్రదికియున్నది. న్యాయవిద్య మాట వచ్చినప్పుడు, బి.ఇడి. ముగించి అందు జేరువానినే యా నియమావళి వారించినది గాని, బి.ఏ. ముగించి జేరువానిని వారింపలేదు.

మొన్న నొక యువతి మా కచేరికి వచ్చినది. వ్యవసాయకూలీ కూతురు. దగ్గఱి ప్రభుత్వ కళాశాలలో దొరకినది బి.ఏ. గనుక బి.ఏ. చదివినది. తల్లి పక్షవాతముతో రెండేండ్లు మంచమున బడియుండగా, ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి, పడకపుండ్లు కడిగి, అన్నము తినిపించి, తనకేది చేతనగునో ఆమె అప్పుడు తెలిసికొన్నది. తల్లి పోయినపిమ్మట జనరల్ నర్సింగు మూడేండ్ల శిక్షణలో జేరినది. వేతనపు దరఖాస్తు తిరిగివచ్చినది. కారణము రెండే మాటలు: ముందే పట్టభద్రురాలు. "బి.ఏ. సంగతి చెప్పకుండిన బాగుండెడిదా అండీ?" యని ఆమె మమ్మడిగినది. అబద్ధమాడుమని మేము చెప్పలేము; నిజము చెప్పినందువలన కలిగిన లాభమేమో చూపనును లేకపోతిమి.

నియమపు తర్కమును పరికింపుడు. న్యాయవిద్యకు పట్టము ప్రవేశార్హత గనుక అది పైమెట్టు. నర్సింగునకు ఇంటర్మీడియెటు చాలును గనుక బి.యస్సి. నర్సింగు అదే మెట్టు. జనరల్ నర్సింగన్ననో డిప్లొమా గనుక క్రిందిమెట్టు. ద్వారమెంత యెత్తున నున్నదో కొలుచుచున్నారు గాని లోపల జరుగు పనియేమో చూచుట లేదు. 1946లో ఢిల్లీలోను వేలూరులోను నర్సింగు పట్టవిద్య యారంభమైనప్పుడు ఆ వృత్తికి గౌరవము వచ్చినదని అందఱు సంతసించిరి. ఆ గౌరవమే నేడు ఇటువంటి పేదరాలికి అడ్డుగోడ యగుచున్నది!

ఎదిరిపక్షము వాదమును గూడ వినవలెను. ధనము పరిమితము, ఒక పట్టమైనను లేనివారి వంతు ముందు, వేతనముకొఱకే పట్టము వెంట పట్టము చదువుచు వసతిగృహములలో కాలము పుచ్చువారిని ఆపవలదా? ఆపవలసినదే. కాని కాలము పుచ్చగోరువాడు నర్సింగు పాఠశాలకేల వచ్చును? తెల్లవారకముందే వార్డులో నిలిచి రక్తపోటు చూచుట, మలమూత్రపాత్రల నెత్తుట, రాత్రి డ్యూటీ చేసి పగలు పాఠమునకు గూర్చుండుట, ప్రాణము పోయిన శరీరమును శుభ్రపఱచి బంధువుల కప్పగించుట — ఇది సోమరులకు చవియగు చదువు కాదు. ఇక వేతనమునకు కుటుంబాదాయపు హద్దు ముందే కలదు. ఆ హద్దునకు లోబడియున్న యిల్లు, కూతురు బి.ఏ. ముగించినంతమాత్రమున మఱునాటి యుదయమునకు ధనికగృహ మగునా?

ఇతరదేశములు మనకంటె ఉదారములని మేము భ్రమపడము. ఇంగ్లండు 2017లో నర్సింగు విద్యార్థుల బర్సరీని రద్దుచేసి వారిని అప్పులపాలు చేసినది; 2020లో మఱల సాలునకు 5,000 పౌనుల సహాయ మీయవలసి వచ్చినది. అయినను, అక్కడ సామాన్యముగ రెండవ పట్టమునకు ప్రభుత్వఋణము లేకున్నను, నర్సింగును ఆ నిషేధమునుండి తప్పించిరి. అమెరికాలో పట్టభద్రులకు పెల్ గ్రాంటు లేదు. ఆ పట్టము ఏ దేశపుదైనను తీరు ఒక్కటియే, విశాఖపట్టణమున బి.యస్సి. ముగించి, అక్కడ స్థిరపడి నర్సు కాగోరు మన యాడుపడుచు నకును ఆ తలుపు మూతయే. కాని అచ్చట పట్టభద్రులకొఱకు 11 మొదలు 18 నెలలలో ముగియు నర్సింగు శిక్షణ యేర్పఱచిరి. నర్సులకు కఱవైన తావులలో రెండేండ్లు పనిచేయుట కొప్పుకొన్నవారిలో ఎంపికైనవారికి రుసుమును, నెలసరి భత్యమును చెల్లించు నర్స్ కోర్ వేతనమును గలదు. మన దేశమున పట్టభద్రురాలు మూడేండ్లో నాలుగేండ్లో మొదటినుండి చదువవలసినదే. అదియు తన ఖర్చుతో!

ధనము లేదన్నమాట మాత్రము మాకు చెప్పవలదు. 2023 ఏప్రిలులో కేంద్రమంత్రివర్గము 157 నూతన నర్సింగు కళాశాలలకు 1,570 కోట్ల రూపాయలను మంజూరుచేసినది. మంచిదే. గోడలకు ధనమున్నప్పుడు ఆ గోడలనడుమ చదువవలసిన పేదపిల్లలకు లేకపోవుటేమి? బ్యాంకులో అప్పు తీసికొమ్మందురా? 2016లో సుప్రీముకోర్టు ఆదేశమున నేర్పడిన సంఘము, 50 పడకలకు లోపైన ప్రైవేటు ఆసుపత్రిలోనైనను నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ యీయరాదని సిఫారసు చేయవలసివచ్చినదన్నచో, అక్కడ జీతము లెట్లుండెనో ఊహించుకొనుడు. అట్టి జీతములో ఋణము తీర్చి, వృద్ధుడగు తండ్రికేమి పంపగలదు?

సైనిక నర్సింగు సర్వీసు కొఱకు ప్రభుత్వమే ఖర్చు భరించి శిక్షణనిచ్చి, పిదప సేవచేయుదునను ఒడంబడికను వ్రాయించుకొనుచున్నది. సిపాయికి తగినది పల్లెటూరి బాలెంతరాలికి తగదా? పట్టభద్రులైన నర్సింగు విద్యార్థులకు రుసుమును, పోషణమును ఇచ్చి, మూడేండ్లు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో పూర్తి జీతముమీద పనిచేయుదురని వ్రాయించుకొనవచ్చును. అయితే సర్టిఫికెట్లను బీరువాలో దాచుకొని నర్సును బందీచేయు దురాచారము ప్రభుత్వమునకు వలదు. ఒడంబడికను కోర్టులో నమలు పఱచుకొనవచ్చును, కాగితములను పట్టుకొనరాదు. 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టమునకు మాఱుగా 2023లో పార్లమెంటు చేసిన చట్టము క్రింద, పట్టభద్రులకు తగిన హ్రస్వశిక్షణ యొకటి రూపొందింపబడవలెను. దానికి కాలము పట్టునందురా, పట్టనిండు. వేతన నియమావళిలో "నర్సింగు విద్యకు ఈ నిషేధము వర్తింపదు" అని యొక వాక్యము చేర్చుటకు మాత్రము ఒక ఉత్తరువు చాలును. మన తెలుగు పార్లమెంటు సభ్యులలో నొకరైనను రానున్న సమావేశములలో ఈ ప్రశ్న వేయుదురా? వేయువారికి ఆ యువతి దరఖాస్తు నకలును మేము పంపగలము.