కష్టానికి కొలబద్ద ఏది?

ప్రపంచంలోకెల్లా వాయించడానికి కష్టమైన పియానో రచన ఏది? ఈ ప్రశ్న మీద మా హాస్టలు గదిలో ఒక రాత్రి రెండు గంటలదాకా వాదన జరిగింది. ఒక మిత్రుడు లిస్ట్ రాసిన ‘లా కాంపనెల్లా’ అన్నాడు. ఇంకొకడు, బలాకిరెవ్ ‘ఇస్లామే’ ముందు అది పిల్లలాట అని తేల్చిపారేశాడు. మూడోవాడు రఖ్మానినోవ్ మూడో కాన్చెర్టో పేరెత్తి ఇద్దరి నోళ్ళూ మూయించబోయాడు. తమాషా ఏమిటంటే, ఆ ముగ్గురిలో ఒక్కరికైనా పియానో మీద సరిగమలు రావు! నాలుగేళ్ళు నేర్చుకుని అంతంతమాత్రంగా మిగిలిపోయిన నేను మాత్రం ఆ పూట నోరు మెదపలేదు. అప్పుడు చెప్పలేకపోయింది ఈ సంచిక పుణ్యమా అని ఇప్పుడు చెబుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ప్రశ్నే సరైనది కాదు. పరుగుపందెంలో నెగ్గినవాడు గొప్పా, కుస్తీలో నెగ్గినవాడు గొప్పా అని అడిగితే ఏం చెబుతాం? పియానోలో కష్టం కూడా ఒకటే జాతిది కాదు.

‘లా కాంపనెల్లా’నే తీసుకుందాం. పగనీని వయొలిన్ కాన్చెర్టోలోని ఒక వరసను లిస్ట్ పియానోకు మలిచాడు. నేడు మనం వినేది 1851 నాటి రూపం. ఇందులో కష్టమంతా దూకుడులో వుంది. కుడిచెయ్యి కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఒక స్థాయి దాటి, కొన్నిచోట్ల రెండు స్థాయిలదాకా, కన్నుమూసి తెరిచేలోగా ఎగిరి దిగాలి. ఒక్క మెట్టు పక్కకు పడిందా, హాల్లో చిట్టచివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది.

షోపాన్ పదో సంపుటంలోని రెండో ఎట్యూడ్‌లో (సంపుటం అచ్చయింది 1833లో) దూకుడన్నదే లేదు. రెండు నిమిషాలు కూడా పట్టని ముక్క అది. కానీ అందులో వేగంగా సాగే స్వరాల వరసనంతా కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు మాత్రమే మోయాలి. బొటనవేలికీ చూపుడువేలికీ వేరే పని వుంటుంది. మీ అరచేతిని బల్లమీద ఆనించి, మధ్యవేలు మడిచి, ఉంగరపువేలొక్కటే పైకెత్తి చూడండి. లేవదు. స్నాయువుల అల్లిక అలాంటిది. ఆ లేవని వేలినే షోపాన్ పనిలో పెట్టాడు.

లిస్ట్ ‘ఫ్యూ ఫొలే’ సంగతి మళ్ళీ వేరు. అక్కడ జంటస్వరాలు మెరుపులా పరుగెత్తాలి, అదీ గుసగుసలాడినంత మెత్తగా. గట్టిగా కొట్టి గట్టెక్కుదామంటే కుదరదు. ఇక ఆల్కాన్ 1857లో ప్రచురించిన, పియానో ఒంటరిగా వాయించే కాన్చెర్టో వుంది. అందులో మొదటిభాగమే సుమారు అరగంట. అక్కడ వేళ్ళు కాదు, ఊపిరీ మనస్సూ అలిసిపోతాయి. దూకేవాడికి దూకుడు తేలిక, ఓర్పుగలవాడికి నిడివి తేలిక. మరి ఈ నాలుగింటినీ ఒకే నిచ్చెన మెట్లమీద ఎలా నిలబెడతాం?

ఇంకో సంగతి కూడా వుంది. ఎవరి చేతికి కష్టం? రఖ్మానినోవ్ చెయ్యి చాపితే పన్నెండు తెల్లమెట్లు అందేవని చెబుతారు. ఆయన తన చేతికి తగ్గట్టు రాసుకున్నది చిన్న చెయ్యిగలవాడికి కొండ కాక ఏమవుతుంది? 1909లో రాసిన ఆ మూడో కాన్చెర్టోను ఆయన జోసెఫ్ హోఫ్మన్‌కు అంకితమిచ్చాడు. హోఫ్మన్ ఆ కాలపు మేటి వాద్యకారులలో ఒకడు. అయినా ఆయన దాన్ని సభలో ఏనాడూ వాయించలేదు. హోఫ్మన్ చేతులు చిన్నవి. ఆయన కోసం మెట్లు కాస్త సన్నగా చేసిన పియానోలు కూడా తయారయ్యాయి. ఆయన ఆ కాన్చెర్టో వాయించలేదు గనుక విద్వత్తులో తక్కువవాడని అనగలమా? 1996లో ‘షైన్’ అనే సినిమా వచ్చాక ఈ కాన్చెర్టో పేరు ఊరూరా పాకింది. అంతకుముందు రోజు కంటే ఆ మర్నాడు దానిలో ఒక్క స్వరం కూడా పెరగలేదు. పెరిగింది దాని చుట్టూ అల్లుకున్న కథే.

వాద్యం సంగతీ అంతే. 1830ల నాటి వియన్నా పియానోల మెట్లు తేలిక, లోతు కూడా తక్కువ. నేటి కచ్చేరీ పియానో మెట్టు దాదాపు 10 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి, దానికి తగ్గ బరువు మోపాలి. కాగితం మీది స్వరాలు అవే అయినా, వేలికి తగిలే కష్టం నాడొకటి, నేడొకటి.

ఇవన్నీ సరేగానీ, అసలు స్వరకర్తలే కష్టాన్ని ఎలా చూశారో గమనిద్దాం. లిస్ట్ తన పన్నెండు మహా ఎట్యూడ్‌లకు మూలరూపం పదిహేనేళ్ళ బాలుడిగా వుండగా రాశాడు. 1837లో వాటిని తిరగరాసి భయంకరంగా పెంచాడు. 1839లో షూమన్ వాటిని సమీక్షిస్తూ, ఈ లోకంలో వీటిని వాయించగలవారు మహా అయితే పది పన్నెండుమంది వుంటారన్నాడు. ఆ తర్వాత 1851లో లిస్ట్ ఏం చేశాడు? అవే ఎట్యూడ్‌లను మూడోసారి తిరగరాసి, చాలాచోట్ల కష్టాన్ని తగ్గించాడు! దాన్ని ఓటమి అనలేం. యూరప్‌లో తనకు ఎదురులేదని పేరు తెచ్చుకున్నవాడు, కొన్ని బరువులు సంగీతానికి అక్కరలేనివని గ్రహించి దించేశాడు. ఈనాడు లోకమంతా వాయిస్తున్నది ఆ తగ్గించిన రూపమే. కష్టమే కొలబద్ద అయితే 1837 నాటిదే గొప్పదనాలి. అలా అనేవారు బహు అరుదు.

అలాగని కష్టమంటే వట్టి గారడీ అని కొట్టిపారేసే పెద్దమనుషులతోనూ నేను ఏకీభవించను. ‘లా కాంపనెల్లా’ అంటే చిరుగంట. ఆ గంట అంత ఎత్తున మోగాలంటే చెయ్యి అంతదూరం దూకక తప్పదు. ‘ఇస్లామే’ను బలాకిరెవ్ 1869లో, కాకసస్ ప్రాంతంలో విన్న ఒక నృత్యపు వరస ఆధారంగా రాశాడు. అందులో ఒకే మెట్టును వేళ్ళు మార్చి మార్చి టకటకా కొట్టడం ఎందుకంటే ఆ నృత్యం ఊపు అలాంటిది. ‘మజెప్పా’లో గుర్రానికి కట్టివేయబడ్డ మనిషి యాతన వినపడాలంటే వాయించేవాడు కూడా కొంత యాతన పడవలసిందే. ఇక్కడ కష్టం సంగీతానికి సేవ చేస్తున్నది. నా కొలబద్ద ఇదొక్కటే: వింటున్నప్పుడు గంట వినబడిందా, దూకుడు కనబడిందా? గంట వినబడితే ఆ కష్టానికి అర్థముంది. దూకుడే కనబడితే అది మోకు మీద నడక. చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చు.

ఇదంతా కాలక్షేపం కబురేగదా, దీనికింత రాద్ధాంతమెందుకు అని మీరు అడగవచ్చు. రాద్ధాంతం చేయవలసిన విషయమే. ఈ నిచ్చెన ఎక్కబోయి చేతులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. షూమన్ కుడిచెయ్యి 1830ల తొలినాళ్ళలోనే చెడింది. కారణాల మీద పండితులు నేటికీ వాదించుకుంటున్నారు గానీ, వేళ్ళకు బలం కోసం ఆయన ఒక యంత్రాన్ని వాడాడన్నది మాత్రం వాస్తవం. వాద్యకారుడు కావలసినవాడి దారి అక్కడితో మూసుకుపోయింది. విద్యార్థిగా వున్న రోజుల్లో స్క్రియాబిన్ లిస్ట్ ‘డాన్ హువాన్’ ఫాంటసీనీ, ‘ఇస్లామే’నూ పట్టుదలతో సాధన చేసి కుడిచెయ్యి దెబ్బ తీసుకున్నాడు. తర్వాత ఎడమచేతికి మాత్రమే రెండు రచనలు చేశాడు. అవి చాలా అందమైనవి. కాని వాటి వెనుక నొప్పి వుంది. అంతటివారికే ఆ గతి పడితే, కష్టాల జాబితా ముందేసుకుని గురువు మాట వినకుండా సాధనకు దిగే కుర్రవాళ్ళ సంగతేమిటి? నేనూ ఆ పని చేసినవాణ్ణే. పైన చెప్పిన షోపాన్ ఎట్యూడ్ కోసం మూడువారాలు మొండిగా కూర్చున్నాను. మణికట్టు వాచి నెలరోజులు కలం పట్టలేకపోయాను. వచ్చిన స్వరాలు మాత్రం రెండు వరసలకు మించలేదు.

చెయ్యి బాగయ్యాక మా మేస్టారు నాకు షోపాన్ ‘ఇ మైనర్’ ప్రెలూడ్ ఇచ్చారు. ఒకే ఒక్క పేజీ, 25 బార్లు. ఎడమచెయ్యి మెల్లగా స్వరగుచ్ఛాలు కొడుతూ వుంటే, అవి ఒక్కొక్క స్వరంగా కిందికి జారుతూ వుంటాయి. కుడిచేతికి చాలాచోట్ల పట్టుమని రెండు స్వరాలే. రెండో ఏడు విద్యార్థి కూడా వారంరోజుల్లో వేళ్ళమీదికి తెచ్చుకోగలడు. ఏ కష్టాల జాబితాలోనూ దీని పేరు మీకు కనబడదు. 1849లో షోపాన్ అంత్యక్రియల్లో ఆర్గన్ మీద వాయించినవాటిలో ఇదొకటి.

వారంలో నేను స్వరాలు నేర్చేసుకున్నాను. “అన్నీ సరిగానే పడ్డాయి, కాని ఇంకా ఏమీ చెప్పలేదు నువ్వు” అన్నారు మేస్టారు. ఆ ఎడమచేతి గుచ్ఛాల్లో ఏది బరువుగా పడాలి, ఏది ఊపిరంత తేలికగా వుండాలి, చివర ఆ నిశ్శబ్దాన్ని ఎంతసేపు ఆపాలి అన్నవి నాకిప్పటికీ సరిగా పట్టుబడలేదు. ఆ కష్టాన్ని నంబరు వేసి ఏ మెట్టుమీద పెట్టాలో మా హాస్టలు మిత్రులే చెప్పాలి.

అందుచేత మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి ‘లా కాంపనెల్లా’ వినేటప్పుడు వాయించేవాడి చేతుల వంక చూడకండి. కళ్ళు మూసుకోండి. గంట మోగితే నాకూ చెప్పండి. మోగకపోతే, ఆయన ఎంత కష్టపడ్డాడన్న లెక్క మనకెందుకు?